పిడికెడు తడి మన్ను

ఆ వానాకాలం మా పిచ్చుక నాలుగో తరగతి చదువుతోంది. పిచ్చుక అంటే మా అమ్మాయి. అది తినే తిండి చూసి వాళ్ల నాన్న పెట్టిన పేరు. బడి రిజిస్టరులో ఇంకో పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే పక్కవాళ్లనేమో అనుకుని తలే ఎత్తదు.

ఒక సాయంత్రం తడిసిన సంచీతో వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, పిడికెడు మన్ను కావాలి. మన ఇంటిదే అయ్యుండాలి. దారిలోది తెస్తే టీచర్ ఒప్పుకోదు."

"మన్నుతో ఏం చేస్తారే?"

"రాష్ట్రం చేస్తాం."

మా ఆయన ఎవరిదో పాత ఫ్రిజ్ విప్పి నడింట్లో పరుచుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచెయ్యడం ఆయన పని. పళ్ల మధ్య పట్టుకున్న స్క్రూడ్రైవరు తీసి, "అంతంత నాయకులకే చేతకాలేదు, మీ నాలుగో తరగతి చేస్తుందా?" అన్నాడు.

"నిజంగా రాష్ట్రమే నాన్నా. కొండలు, ఏరు, రిజర్వాయరు, అన్నీ. ఎవరిల్లు ఎక్కడుంటే వాళ్ల మన్ను అక్కడ పెట్టాలి."

సోషల్‌కి ఆ ఏడు కొత్త టీచరు వచ్చింది. పుస్తకంలో 'మన రాష్ట్రపు తొలి ప్రజలు' అని ఒక పాఠం ఉందట. మొత్తం ఒక పేజీ, ఆ పేజీలో సగం బొమ్మ. ఆవిడ అది చూసి పుస్తకాలు మూయించేసి, ఖాళీగా ఉన్న వెనక గదిలో నేల మీద మట్టితో రాష్ట్రం కట్టిస్తోంది. పెరట్లో గోడ వారనుంచి పిడికెడు మన్ను తీసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను. పొట్లంతోపాటు పిల్ల సంచీలోంచి ఇంకో కాగితం బయటపడింది. దాని మీద మూడు ప్రశ్నలున్నాయి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లని అడిగి రాసుకురావాలట.

మనకంటే ముందు ఇక్కడ ఎవరుండేవారు? ఈ చోటుని వాళ్లు ఏమని పిలిచేవారు? ఇప్పుడు వాళ్లెక్కడున్నారు?

మా ఇంట్లో అందరికంటే పెద్ద మా నాన్న. తాపీ మేస్త్రి. మేం ఉంటున్న రెండు గదుల ఇల్లు ఆయన తన చేత్తో కట్టుకున్నదే. చదువు రాదు, మాటలు తక్కువ. రోజూ పనికి బయల్దేరేటప్పుడు తలుపు పక్కన గోడని అరచేత్తో ఒకసారి ఒత్తి గుమ్మం దిగుతాడు. మోకాళ్ల నొప్పికి ఆసరా కోసం అనుకునేదాన్ని. ఆ చోట సున్నం నున్నగా అరిగి మెరుస్తుంటుంది. ఆయన్ని చూసి పిచ్చుక కూడా అంతే, మూరెడు కింద చెయ్యి ఒత్తి గానీ బడికి కదలదు. "ముసలి వేషాలు నీకెందుకే" అని కసిరేదాన్ని.

"తాతయ్యా, మనకంటే ముందు ఇక్కడ ఎవరుండేవారు?" అని అడిగింది పిచ్చుక, ఆయన కాళ్లు కడుక్కుంటుంటే.

"వాన."

"వాన మనుషులు కాదు తాతయ్యా!"

"అయితే నాకు తెలీదు తల్లీ."

చెంబు బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ రెండుసార్లు అడిగింది. రెండోసారి నిద్ర నటించాడు.

పొద్దున్నే ఏడుపు. "అందరూ రాసుకొస్తారు, నాదొక్కదానిదే ఖాళీ. టీచర్ అందరిముందూ చదివిస్తుంది." పిల్ల ఏడిస్తే నాకు చేతులాడవు. దీని తర్వాత ఒకడు పుట్టి, తొమ్మిది రోజులు ఉండి వెళ్లిపోయాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పట్నుంచీ నాకు అన్నిటికీ భయమే. ఫ్యాను తిరిగినా భయం, తిరక్కపోయినా భయం. "నీ భయాలన్నీ ఫ్రీజర్లో పెట్టి తాళం వేస్తా ఉండు" అంటాడు మా ఆయన.

సరే, ఎవరు చూడొచ్చారు, తాతయ్య చెప్పాడని నేనే ఏదో ఒకటి కల్పించి రాసేద్దామనుకున్నాను. పొయ్యి మీద పాలు, చేతిలో పెన్ను. ఏడో తరగతిలో ఆగిపోయిన చేతిరాత నాది, ఒక్కో అక్షరం గుమ్మం ఎక్కే ముసలమ్మలా పడుతుంది. ఆ పొద్దున మాత్రం చెయ్యి ఆగలేదు.

'ఏటి ఒడ్డున ఉండేవాళ్లు. ఇంట్లో బిడ్డ పుడితే ఏటిలోంచి ఒక గుండ్రటి రాయి తెచ్చి తలుపు పక్కన గోడలో పెట్టేవాళ్లు. బిడ్డ పోయినా ఆ రాయి తియ్యరు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మాత్రం అన్నీ తీసుకుని వెళతారు.

ఈ చోటుని నీళ్లు వెనక్కి తిరిగి చూసే చోటు అని పిలిచేవాళ్లు.

వాళ్లు ఎక్కడికీ పోలేదు. గోడల్లో ఉన్నారు.'

పాలు పొంగిపోయి పొయ్యి ఆరింది. కాగితం చదువుకుంటే నా రాతలాగే ఉంది, నా మాటల్లా లేవు. కథలు కల్పించడం నాకు చేతకాదు. పిల్లకి పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథ కూడా నాలుగేళ్లుగా ఒకటే.

వారం దాటాక టీచరు నన్ను రమ్మని కబురు పెట్టింది. దొంగ రాత పట్టుబడిందనుకున్నాను. గొడుగు పట్టుకుని బడికి వెళ్లాను.

ఆవిడ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. గోళ్లలో మట్టి, చెంప మీద మట్టి. "రండమ్మా. మీ నాన్నగారు ఎంత బాగా చెప్పారండీ! మిగతా అందరూ 'పూర్వం అడవి ఉండేది' అని రాసుకొచ్చారు. ఒకడైతే 'మాకంటే ముందు ఈ ఇంట్లో బ్యాంకు గుమాస్తా ఉండేవాడు' అని రాశాడు."

నవ్వాను. రాసింది నేనేనని చెప్పలేదు.

"ఇటొచ్చి చూడండి, ఒక వింత."

వెనక గదిలో నేలంతా రాష్ట్రం. పిల్లల మోకాళ్లెత్తు కొండలు, గోరుతో గీసిన ఏరు, రిజర్వాయరుకి ఒక పగిలిన అద్దం ముక్క. ముప్ఫైమంది ఇళ్ల మన్ను ముప్ఫై చోట్ల కుప్పలుగా ఉంది. అన్నీ ఆరి తెల్లబడ్డాయి. ఏరు వంపు తిరిగే చోట ఒక్క కుప్ప నల్లగా మెరుస్తోంది.

"మీ పిచ్చుక తెచ్చిందే. ఎనిమిది రోజులైనా ఆరట్లేదు. పైన పెంకులు చూశాను, కారడం లేదు. వీళ్లెవరో చెయ్యి కూడా పెట్టారు, చూడండి, అచ్చు పడింది. అడిగితే నేను కాదంటే నేను కాదంటారు."

వంగి చూశాను. బుల్లి అరచెయ్యి, అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. నాలుగో తరగతి పిల్లల చెయ్యి కాదది. అందులో నా బొటనవేలు పెడితే నిండిపోతుంది. అంత చెయ్యిని నేను తొమ్మిది రోజులు పట్టుకున్నాను.

"చలిగా ఉందా అమ్మా?" అంది టీచరు.

"లేదండీ" అని బయటికొచ్చేశాను.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. చెప్పినా మా ఆయన ఫ్రీజరు మాటే అంటాడు. ఆ సాయంత్రమే పిచ్చుక ఎగురుకుంటూ వచ్చింది. దాని కాగితానికి ఎర్ర సిరాతో నక్షత్రం వేసి టీచరు తన దగ్గరే ఉంచుకుందట. శనివారం బళ్లో ప్రదర్శన. పెద్దవాళ్లందరి ముందూ రాష్ట్రం పక్కన నిలబడి అదే మొదట చదవాలట.

"తాతయ్యా, నువ్వు చెప్పింది విను, ఎలా ఉందో" అని, అది నా రాతేనని తెలిసిన పిచ్చుక నాకు కన్ను గీటి, గొంతు సవరించుకుని, బట్టీపట్టింది అప్పజెప్పడం మొదలుపెట్టింది.

నాన్న అన్నం కలుపుతున్నాడు. రాయి మాట దగ్గర చెయ్యి ఆగింది. 'బిడ్డ పోయినా ఆ రాయి తియ్యరు' అన్న దగ్గర పళ్లెం పక్కకి జరిపాడు. మూడోది పూర్తయ్యేసరికి లేచి నిలబడ్డాడు.

"ఇది ఎవరు చెప్పారు?"

"నువ్వే కదా తాతయ్యా..." పిచ్చుక నావైపు చూసింది.

"నేనే రాశాను నాన్నా. ఊరికే, నోటికొచ్చింది" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు ఇంతవరకూ మరవలేదు. కోపం కాదు. నా వెనకాల ఇంకెవరో నిలబడి ఉంటే వాళ్లని చూసినట్టు చూశాడు.

"కాగితం మీద మన వీధి పేరుందా? ఇంటి నంబరుందా?"

"నా పేరుంది తాతయ్యా, తరగతి ఉంది."

"శనివారంలోగా అది వెనక్కి తీసుకురా అమ్మాయ్. తేలేకపోతే పిల్ల బడి మాన్పించు. నువ్వు మాన్పించకపోతే నేనే పోయి తీసుకొస్తా."

"మామయ్యా, నాలుగో తరగతి పిల్ల హోంవర్కండీ అది" అన్నాడు మా ఆయన. "అదేమన్నా కోర్టు కాగితమా?"

"అప్పుడూ మూడే ప్రశ్నలు బాబూ" అని, చెయ్యి కడుక్కోకుండానే బయటికెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ గోడని ఒత్తాడు. ఈసారి ఒకచోట కాదు. పైన ఒకటి, కింద ఒకటి, ఇంకా కిందికి వంగి, నేలకి జానెడెత్తులో ఇంకొకటి. ఆ మూడో చోటుని నేనెప్పుడూ గమనించలేదు.

నాన్న బడికెళ్లి పిల్లని తీసుకురావడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను ఏడో తరగతిలో ఉండగా ఇలాంటి వానలోనే, తడి బట్టలతో తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. 'రా' అన్నాడు. పుస్తకాల సంచీ అందుకునే వ్యవధి కూడా లేదు. ఆ వారంలోనే ఊరు మారాం. ఆడపిల్లకి చదువెందుకని మాన్పించాడనుకున్నాను ఇన్నేళ్లూ. బట్టల కొట్లో బోర్డు చదవడానికి తడుముకున్న ప్రతిసారీ ఆయన్ని లోలోపల తిట్టుకున్నాను. పిచ్చుకకి మాత్రం ఆ గతి పట్టనివ్వకూడదనే నా బతుకంతా.

శుక్రవారం కాగితం అడగడానికి బడికి వెళ్లాను. టీచరు గదిలో నర్సమ్మ కూర్చుని ఉంది. ఊళ్లో సగంమందికి సూదులు వేసి రిటైరైన మనిషి. పిచ్చుక పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడే. కళ్లజోడు ముక్కు కొసకి దించుకుని, నా చేతిరాత ఉన్న కాగితమే చదువుతోంది.

"నర్సమ్మగారు ఆ ఏటి ఒడ్డు జనంలో మనిషే. నాకే మొన్నటిదాకా తెలీదు. రేపు పిల్లలతో మాట్లాడతానన్నారు" అంది టీచరు.

నర్సమ్మ తలెత్తలేదు. "ఇది నువ్వు రాసిందేనా అమ్మాయ్?"

"అవునండీ. కల్పించానండీ. తప్పయిపోయింది, ఇచ్చేస్తే పట్టుకెళ్లిపోతాను."

"కల్పించావా! పోయిన బిడ్డ రాయి తియ్యరన్న మాట మా అమ్మ నాకు చెవిలో చెప్పింది. ఆ ఏటి వంపు పేరు కూడా ఇదే, మా మాటలో. బయటివాళ్లకి తెలిసే సంగతులు కావు." కళ్లజోడు తీసింది. "మీ నాన్న ఏం పని చేస్తాడూ?"

"తాపీ పనండీ."

"ఆహా, గోడలు కడతాడు" అని కాగితం ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఎవరికో మందు డోసు చెప్పినట్టు, నిదానంగా చెప్పింది. "రిజర్వాయరు కట్టేటప్పుడు మా వాళ్లని ఖాళీ చెయ్యమన్నారు. చాలామంది ఊళ్లో కలిసిపోయి మామూలు ఇళ్లలో దాక్కున్నారు. ఎవరెవరో సర్కారువాళ్లు పోల్చలేకపోయారు. అప్పుడు బళ్లకి ఒక కాగితం వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాష మాట్లాడతారు, మీ తలుపు పక్కన ఏముంది, మీ గోడలో ఎన్ని రాళ్లున్నాయి. పిల్లలు కదా, నేనంటే నేనని చేతులెత్తి చెప్పారు. మర్నాడు లారీలొచ్చాయి. చేతులెత్తిన పిల్లల ఇళ్ల ముందే ఆగాయి. అప్పట్నుంచి మా వాళ్లు పిల్లలకి చెప్పడం మానేశారు. రాయి పెడతారు, పైన సున్నం కొట్టేస్తారు, నోరు మూసుకుంటారు."

టీచరు చేతిలో సుద్దముక్క రెండైంది. "అయ్యో, నా ప్రశ్నలు... నేను మంచికే అనుకుని..."

"నీ ప్రశ్నలు మంచివేనమ్మా. అప్పుడు జవాబులు రాసుకున్న చెయ్యి వేరు కదా. అందుకే వచ్చాను." నావైపు తిరిగింది. "మాలో మేం ఎదురైతే బాగున్నారా అని అడిగేవాళ్లం కాదు. 'మీ గోడలో ఎన్ని' అని అడిగేవాళ్లం. ఆ మాట విని నలభై ఏళ్లు దాటింది."

అక్కడ నిలబడే నాకు గుర్తొచ్చింది, ఏడో తరగతిలో నేనేం చెప్పానో. సోషల్ పీరియడు. మీ ఇంటి ప్రత్యేకత చెప్పండర్రా అన్నారు సారు. లేచి నిలబడి, మా నాన్న గోడలో నా రాయి పెట్టాడు సార్ అన్నాను. చిన్నప్పుడెప్పుడో ఆయన సున్నం కొడుతుంటే చూశాను కాబోలు. సాయంత్రం ఆ ముచ్చట ఇంట్లో చెప్పాను. రాత్రంతా గోడ గీకుతున్న చప్పుడు వినిపించింది.

కాగితం అడగకుండానే ఇంటికొచ్చేశాను. నాన్నకి ఏం చెప్పాలో తెలియలేదు. ఆయనా అడగలేదు. శనివారం పొద్దున లేచేసరికి మనిషి లేడు. తలుపు పక్కన నేలంతా సున్నం పెచ్చులు. గోడకి మూడు గుంటలు, ఒకదాని కింద ఒకటి. మూడోది చింతగింజ పట్టేంత.

"ఎలుకలా?" అన్నాడు మా ఆయన నిద్రకళ్లతో.

ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు మాత్రం అన్నీ తీసుకుని వెళతారు. ఆ మాట రాసింది నేనే.

పిచ్చుకకి జడ వేస్తుంటే వేళ్లు తప్పుతున్నాయి. పంపకపోతే? తలుపు గడియ పెట్టేసి ఇద్దరం లోపలే కూర్చుంటే? అది అద్దంలోంచి నన్ను చూస్తూ, "అమ్మా, గోడ పాడైపోయిందిగా, ఎక్కడ ఒత్తి వెళ్లను?" అంది. గుంట మీదే ఒత్తమన్నాను. ఒత్తి బయల్దేరింది. నేనూ వెంటే వెళ్లాను.

వెనక గది నిండా అమ్మలు, నాన్నలు, గొడుగుల నీళ్లు. పిచ్చుక ఏటి వంపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడింది. నర్సమ్మ కుర్చీలో ఉంది. టీచరు "చదువమ్మా" అంది. పిల్ల నోరు తెరిచింది.

గుమ్మంలో నాన్న.

తడి బట్టలు, భుజాన పనిసంచీ, గుప్పిట్లో గుడ్డమూట. అదే మనిషి, అదే గుమ్మం, అదే వాన. నా కాళ్లకి పదమూడేళ్లు వచ్చేశాయి. ఆయన 'రా' అంటే పిచ్చుక కాదు, నేనే నడిచి వెళ్లిపోయేదాన్ని.

ఆయన పెదవి కదిలేలోపు నర్సమ్మ కుర్చీలోంచి లేచింది. అందరికీ వినపడేట్టు, రోగి పేరు పిలిచినట్టు అడిగింది.

"మేస్త్రీ, మీ గోడలో ఎన్ని?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో నవ్వారు కూడా. నాన్న నవ్విన మనిషిని చూశాడు, కాగితం పట్టుకున్న పిల్లని చూశాడు. గుప్పిట్లో మూట సవరించుకుని,

"మూడు" అన్నాడు.

"మా గోడలో అయిదు" అంది నర్సమ్మ, కూర్చుంటూ.

నాన్న చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కొండలు తొక్కకుండా, ఏరు దాటి, మా మన్ను దగ్గర గొంతుకూర్చున్నాడు. మూట విప్పాడు. నిమ్మకాయంత నల్లరాయి ఒకటి, నావైపు చూస్తూ పెట్టాడు. దానికంటే చిన్నది, పిచ్చుకని చూస్తూ పెట్టాడు. మూడోది వేలికొసన పట్టుకుని ఆ బుల్లి అరచేతి అచ్చు మధ్యలో, అక్కడ అచ్చు ఉందని ముందే తెలిసినట్టు, ఆనించాడు. ఎవరివైపూ చూడలేదు.

"తాతయ్యా, అది ఎవరిది?" అంది పిచ్చుక గుసగుసగా.

"చదువు తల్లీ."

చదివింది. మూడో జవాబు దగ్గర గొంతు కాస్త పెంచింది.

సాయంత్రం నాన్న రాళ్లు ఇంటికి తెచ్చి మళ్లీ గుంటల్లో పెట్టాడు. పిచ్చుక సున్నం గిన్నె పట్టుకుని నిలబడింది. ఈసారి పైన సున్నం కొట్టొద్దని నేనే అన్నాను. కొట్టలేదు. మా ఆయన వచ్చి మూడిటినీ పైనుంచి కిందికి చూశాడు. కిందిదాని దగ్గర చాలాసేపు కూర్చుని, ఏ జోకూ వెయ్యకుండా వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.

సోమవారం టీచరు కనిపించి, ఏటి వంపు దగ్గర మన్ను ఆరిపోయిందని చెప్పింది. చెయ్యి అచ్చు కూడా లేదట.

పిచ్చుక ఇప్పుడు ఆరో తరగతి. పొద్దున్నే నాన్న, దాని తర్వాత అది గోడ ఒత్తి వెళతారు. వాళ్లిద్దరూ మలుపు తిరిగాక నేను గుమ్మంలో కూర్చుని, జానెడెత్తులో ఉన్న రాయి మీద బొటనవేలు ఆనిస్తాను. మా గుమ్మం ఉత్తరం వైపు, ఆ గోడకి ఏడాది పొడుగునా ఎండ తగలదు. రాయి మాత్రం రోజూ వెచ్చగానే ఉంటుంది.